నొప్పి తెలియని వేళ్లు

నా చిన్నప్పుడు గాలి ఎటునుంచి వీస్తోందో మా కాలనీ పిల్లలం కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. పడమటి గాలైతే పటాన్‌చెరు ఫ్యాక్టరీల మీదుగా కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చేది. మిగతా ఏ గాలైనా ఉత్త గాలే. ఆ వాసన మొదలైన పూట మా అమ్మ ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చి, కిటికీలు మూసి, తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కేది. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆ ఫ్యాక్టరీలే అందరికీ అన్నం పెడుతున్నాయి. అన్నం పెట్టే చెయ్యి కంపు కొడుతోందని ఎవరు మాత్రం అంటారు?

మాది తెనాలి పక్క పల్లెటూరు. నాన్నకు ఇక్కడి సర్కారువారి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే, నేను చంకలో ఉండగానే ఈ క్వార్టర్లకు వచ్చేశాం. మా గోడకు ఆనుకుని ఉన్న క్వార్టరులో పక్కింటి అక్క ఉండేది. కాలనీ దవాఖానాలో నర్సు. సంగారెడ్డి మనిషి. పెళ్లి మాటెత్తితే నవ్వేసి ఊరుకునేది. ఆమె అన్న ఒకాయన సికింద్రాబాదులో ఏదో క్లబ్బు బ్యాండులో గిటారు వాయించేవాడట. ఆయన పాత గిటారు ఆమె దగ్గరుండేది. ఆదివారం దాని మీద చర్చి పాటలు వాయించేది. మామూలు రోజుల్లో డ్యూటీ దిగి, స్నానం చేసి, వెనక గుమ్మంలో కూర్చుని వేరే పాట ఒకటి వాయించేది. దానికి మాటలుండేవి కాదు. ఒకే దారిలో చుట్టూ తిరిగి తిరిగి మొదటికే వచ్చేది. వింటుంటే ఎవరో మనసులో మాట చెప్పబోయి చెప్పలేక ఆగిపోయినట్టుండేది. దాన్ని బ్లూస్ అంటారని, ఎక్కడో దూరదేశంలో పత్తి చేలల్లో బానిసలుగా బతికినవాళ్ల బిడ్డలు పాడుకున్న పాటని అక్క చెప్పింది.

అది నేర్చుకోవాలని నాకు పట్టుకుంది. మా అమ్మ ససేమిరా అంది. ఆడపిల్ల నేర్చుకుంటే వీణ నేర్చుకోవాలి గానీ ఈ పెట్టె ఏమిటని ఆమె బాధ. అప్పుడు నా పక్షాన నిలబడింది మా చిన్న మామయ్య. అమ్మకు ఆఖరి తమ్ముడు. ఊళ్లో పని లేక మా ఇంట్లో దిగి, పటాన్‌చెరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాడు. "దానికి తోడుగా నేనూ వెళ్లి నేర్చుకుంటాలే అక్కా. నువ్వు కంగారు పడకు" అన్నాడు. తమ్ముడి మాటంటే అమ్మకు వేదం. అలా ఇద్దరం ఒకే గిటారు దగ్గర శిష్యులమయ్యాం.

మామయ్య చేతుల గురించి ఇక్కడే చెప్పాలి. ఆయన పని యంత్రాల ఇనుప భాగాల జిడ్డు వదిలించడం. ఒక తొట్టి నిండా ఏదో మందు ఉండేదట. చూడటానికి మంచినీళ్లలాగే ఉండేదట గానీ, నల్లటి గ్రీజు అందులో ముంచితే క్షణంలో మాయమయ్యేదట. షిఫ్టు దిగేటప్పుడు పనివాళ్లందరూ ఆ తొట్టిలోనే మోచేతుల దాకా ముంచి కడుక్కునేవారు. సబ్బుతో వదలని మురికి దానితో వదిలేది, చల్లగా ఉండేది, తుడుచుకునే పని లేకుండా గాలికే ఆరిపోయేది. వాళ్లు దాన్ని ఠండా పానీ అని ముద్దుగా పిలుచుకునేవారు. మా కాలనీలో ఫ్యాక్టరీ మగవాళ్ల గోళ్లన్నీ నల్లగా ఉంటే, మామయ్య చేతులు మాత్రం బ్యాంకు ఉద్యోగి చేతుల్లా తెల్లగా మెరిసేవి. అమ్మకు అదొక గర్వం. మామయ్య ఒక సీసాలో ఇంటికి కూడా తెచ్చాడు. గోడ మీద నేను అంటించిన బొమ్మల జిగురు మరకలు అమ్మ దానితోనే తుడిచింది.

అక్క మాకు మూడు పట్లు నేర్పింది. వేళ్లతో తీగల్ని ఏ వరసలో నొక్కి పట్టుకోవాలో అది ఒక పట్టు. వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయి గానీ ఆమె మా కోసం ఇంటి పట్టు, పక్కింటి పట్టు, దూరపు పట్టు అని పేర్లు పెట్టింది. "ఇంట్లకెల్లి బయల్దేరాలె. పక్కింటికి పోయి మళ్ల ఇంటికి రావాలె. ఒక్కసారి దూరం పోవాలె, ఇగ మెల్లగ ఇంటికి చేరాలె. గంతే. పాటంత గిదే" అంది. వినడానికి తేలికే. ఆ ఇనుప తీగలు నొక్కి చూస్తే తెలిసింది. మొదటి వారం నా ఎడమచేతి వేళ్ల కొసలు మంటెత్తిపోయాయి. అన్నంలో చెయ్యి పెట్టేది కుడిచెయ్యి కాబట్టి బతికాను. రాత్రిళ్లు వేళ్లు చన్నీళ్ల గ్లాసులో ముంచుకుని కూర్చునేదాన్ని. అక్కకు చూపిస్తే పట్టుకుని చూసి, "నొప్పి లేస్తుందా? లేవాలె. తోలు గట్టిపడ్తది, జెర ఓపిక పట్టు" అని నవ్వేది.

మామయ్యకు నొప్పే లేదు. మొదటి రోజు నుంచీ లేదు. నేను రెండు నిమిషాలకొకసారి చెయ్యి విదిలించుకుంటుంటే ఆయన అలా నొక్కుతూనే ఉండేవాడు. "చూశావా కోడలుపిల్లా, మగాడి చెయ్యంటే ఇదీ" అని నన్ను ఉడికించేవాడు. నాకు కుళ్లు. ఇంటికి వచ్చి అమ్మతో చెబితే అమ్మ ఇంకా మురిసిపోయింది. పూర్వజన్మలో ఏ విద్వాంసుడో అయ్యుంటాడంది.

కానీ ఆయన పాట బాగుండేది కాదు. అదే విచిత్రం. వేళ్లు సరైన చోటే ఉండేవి, అయినా పట్టు అపశ్రుతి పలికేది. అక్క తీగలు సరిచేసి ఇచ్చేది, మళ్లీ అంతే. "తమ్మీ, గంత గట్టిగ ఎందుకు వత్తుతవ్? వత్తితే తీగ సాగి పైకి పోతది సప్పుడు. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో" అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆయన సరే సరే అనేవాడు, మళ్లీ అలాగే నొక్కేవాడు. ఆయన వేళ్ల మీద తీగల గాట్లు ఎంత లోతుగా పడేవంటే, గిటారు దింపాక చాలాసేపటికి కూడా అవి పూడేవి కావు.

ఆ రోజుల్లోనే మామయ్యకు ఊళ్లో సంబంధం కుదిరింది. అప్పటినుంచీ ఆయనకు పరధ్యానం ఎక్కువైందని ఇంట్లో ఒకటే వేళాకోళం. ఒకరోజు మా గేటు దగ్గర ఒక చెప్పు వదిలేసి, ఒంటి చెప్పుతో అక్కా వాళ్లింటి దాకా నడిచి వచ్చేశాడు. అమ్మ గోడ మీదనుంచి చూసి, "పెళ్లి కుదిరిన దగ్గర్నుంచి వీడి కాళ్లు నేలమీద ఆనడం లేదు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మామయ్య కూడా నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబడి ఆయన పాదాల వైపు చూసింది. ఇంకో రోజు పొయ్యి మీదనుంచి దింపిన టీ గ్లాసును ఆయన అంచు పట్టుకోకుండా గుప్పిట నిండా పట్టుకుని కబుర్లు చెబుతూ తాగాడు. అక్క తన గ్లాసు కింద పెట్టేసింది. ఆమె అలా చూస్తుంటే నాకు ఎందుకో తెలియకుండానే భయం మొదలైంది. పిల్లలకు కారణం తెలియదు గానీ పెద్దవాళ్ల మొహంలో రంగు మారితే ఇట్టే పట్టేస్తారు.

వానాకాలం. ఒక సాయంత్రం పడమటి గాలి ఉధృతంగా తిరిగింది. అక్క తలుపులన్నీ బిడాయించింది. ఇరుకు గదిలో మేం ముగ్గురం. గిటారు నా ఒళ్లో ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. నేను ఆపబోతే అక్క వద్దంది. చేతికి తోవ తెలిస్తే కంటితో పనిలేదట. నిజమే. ఆ కటిక చీకట్లో తడుముకుంటూ ఇంటి పట్టు పట్టాను, పక్కింటికి వెళ్లాను, తిరిగొచ్చాను. వేళ్ల మంటే నాకు దారి చూపించింది. ఎక్కడ మండుతోందో అక్కడ తీగ ఉన్నట్టు. చుట్టు పూర్తిచేసి, గెలిచినంత సంబరంతో గిటారు మామయ్యకు అందించాను.

ఆయన పట్టిన మొదటి పట్టు పలకలేదు. రెండోది పలకలేదు. చీకట్లో వేలి గోరు చెక్కకు తగిలి టక్కు టక్కుమంటోంది తప్ప తీగ చప్పుడు రావడం లేదు.

"కనబడ్డం లేదు సిస్టర్ గారూ" అన్నాడు నవ్వుతూ.

"సూసుడెందుకు తమ్మీ? తీగ వేలికి తగుల్తలేదా?"

"తగిలిందో లేదో చూస్తేనే కదండీ తెలిసేది!"

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో చెప్పలేను. వాన పడుతుందేమో చూడాలి అన్నట్టు అన్నాడు. చీకట్లో అక్క ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించింది. గిటారు మెడ మీద నెత్తురు. మామయ్య చూపుడువేలు కొస చీరుకుపోయి, మణికట్టు దాకా కారుతోంది. "ఇదెప్పుడు తెగిందబ్బా!" అని ఆయన తన లుంగీకే తుడుచుకున్నాడు.

అక్క గాయానికి గుడ్డ కట్టింది. కట్టాక, కరెంటు వచ్చేదాకా ఒక ఆట ఆడదాం అంది. తెగిపోయిన పాత తీగ ముక్క ఒకటి తీసింది. కళ్లు మూసుకుని చెయ్యి చాపాలి. ఆమె తీగ కొసతో ఏ వేలు ముట్టుకుంటే ఆ వేలి పేరు చెప్పాలి. ముందు నా వంతు. అన్నీ చెప్పేశాను. చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వాను కూడా. తర్వాత మామయ్య ధీమాగా కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు.

అక్క ఆయన చిటికెనవేలు ముట్టింది. మామయ్య ఏమీ అనలేదు. ఉంగరపు వేలు ముట్టింది. ఏమీ అనలేదు. నడిమివేలి కొస మీద తీగను గుచ్చినట్టే పెట్టి అలాగే ఉంచింది. ఆయన మూసిన కళ్లతో, పెదాల మీద చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. కాసేపటికి, "ఏమండీ, మొదలుపెట్టరేం?" అన్నాడు.

కొవ్వొత్తి వెలుతురులో అక్క నా వైపు చూసింది. ఆ చూపు మర్చిపోదామన్నా నావల్ల కాలేదు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆమె తీగను తీయకుండానే, మెత్తగా, "కండ్లు తెరువు తమ్మీ" అంది.

తెరిచి చూశాడు. తన వేలి మీద తీగను చూశాడు. నా మొహం చూశాడు. నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. అక్క దాచకుండా చెప్పింది. చేతుల్లో స్పర్శ పోతోంది, కాళ్లలో ఎప్పుడో పోయి ఉంటుంది, రేపే పట్నం పెద్దాసుపత్రికి పోదాం అని. మామయ్య దిగ్గున లేచాడు. ఆయనకు తెలిసిన భాషలో స్పర్శ పోవడానికి ఒకటే పేరు, పెద్దరోగం, అంటే కుష్టు. ఆ పేరు బయటికి పొక్కితే పెళ్లి ఆగిపోతుంది, మా ఇంట్లో చోటుండదు, ఉద్యోగం ఉండదు. "నాకే రోగమూ లేదు, మీరు లేనిపోనివి అంటగట్టకండి" అని ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచి, అప్పుడే మొదలైన వానలోనే బయటికి వెళ్లిపోయాడు. గేటు దగ్గర నన్ను ఆపి, ఎవరికీ చెప్పనని తల మీద ఒట్టు వేయించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పాఠానికి రావడం మానేశాడు. పనికి మాత్రం మానలేదు. తెల్లటి చేతులతో ఇంటికొచ్చి, అన్నం తిని, పెళ్లి బట్టల గురించి అమ్మతో మాట్లాడేవాడు. నేను ఆయన కాళ్లనే చూస్తూ ఉండేదాన్ని. మెట్టు దిగేటప్పుడు కిందికి చూసి దిగేవాడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి అద్దం ముందుకు వెళ్లేవాడు. ఇంట్లో ఎవరికీ కనిపించనిది నాకొక్కదానికే కనిపిస్తోంది, చెబుదామంటే నోరు కట్టేసి ఉంది. గోడవతల అక్క వాయిస్తున్న చుట్టు వినిపించేది. దూరపు పట్టు దగ్గర ఆగి, చాలాసేపటికి గానీ ఇంటికి వచ్చేది కాదు. ఆమె కూడా ఆలోచిస్తోందని నాకు అర్థమయ్యేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం. అమ్మ వరండా అంతా కడిగి ముగ్గు పెట్టింది. మామయ్య పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చాడు. ఇంటి పట్టూ పక్కింటి పట్టూ నోటితోనే కూనిరాగం తీస్తూ వచ్చాడు. కుడికాలికి చెప్పు లేదు. గేటు దగ్గర్నుంచి ముగ్గు మీదుగా గుమ్మం దాకా ఎర్రటి అడుగులు. ఒకటే కాలివి. అమ్మ ముందు కోప్పడింది. "ఏ కుంకుమ నీళ్లు తొక్కొచ్చావురా, ఇప్పుడే కడిగాను!" అంటూ దగ్గరికి వచ్చి వంగి చూసింది. మడమలో సోడాబుడ్డి పెంకు దిగి ఉంది. అది ఏ బస్టాపు దగ్గర దిగిందో ఏమో. మామయ్య తన కాలిని ఎవరి కాలో అన్నట్టు చూశాడు.

అమ్మ కేకకు అక్క గోడ దాటి వచ్చింది. పట్టకారుతో పెంకు పీకింది. లోతుగా వెతికి, చిన్న ముక్క మరొకటి కూడా తీసింది. ఆయన కదల్లేదు, పళ్లు బిగించలేదు. నెత్తురు చూసి ఏడవని మా అమ్మ, ఆయన ఏడవకపోవడం చూసి కూలబడి ఏడ్చింది. ఇక నేను ఆగలేకపోయాను. ఒట్టు గట్టున పెట్టి చీకట్లో పట్టు దొరకకపోవడం, తీగ ఆట, అన్నీ ఏకరువు పెట్టాను. మామయ్య నన్ను ఆపలేదు. గోడకు తల ఆనించి, "పెద్దరోగమేనా సిస్టర్?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఏందో నాక్కూడ తెల్వదు తమ్మీ. తెలుసుకుందాం. అదే అయినా మందుంది. నేనున్న గద" అంది అక్క. సెలవు పెట్టి మర్నాడు బస్సులో ఆమే తీసుకెళ్లింది. అమ్మా నేనూ వెంట వెళ్లాం.

పెద్దాసుపత్రి డాక్టరు మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు, దూదితో ముట్టి చూశాడు, చర్మమంతా వెతికాడు. పెద్దరోగం కాదన్నాడు. అమ్మ ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆయన దణ్ణం అందుకోలేదు. మామయ్య చేతులు తిప్పి తిప్పి చూస్తూ, ఇంత తెల్లగా ఉన్నాయేమిటి, దేనితో కడుక్కుంటావని అడిగాడు. మామయ్య చెప్పాడు. ఆ స్థితిలో కూడా ఆ మాట కాస్త గర్వంగానే చెప్పాడు. అక్క కళ్లు మూసుకుంది. ఆ ఠండా పానీ చర్మంలోంచి దిగి, ఊపిరిలోంచి దిగి, నరాలను తింటోందని డాక్టరు చెప్పాడు. ఈ క్షణం నుంచి ఆ తొట్టి దగ్గరికి వెళ్లకూడదు. వెళ్లకపోయినా కొన్ని నెలలు ఇది పెరుగుతూనే ఉంటుంది, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది, ఎంతవరకు తగ్గుతుందో తను చెప్పలేనన్నాడు.

ఆయన చెప్పినట్టే పెరిగింది. పని మానేసిన మనిషి ఇంట్లో కూర్చుని రోజురోజుకూ కుంగిపోవడం చూశాను. గుండీలు నేను పెట్టేదాన్ని. అన్నం ముద్ద జారిపోతుంటే అమ్మ కలిపి నోట్లో పెట్టేది. పెళ్లి వాయిదా వేయమని నాన్న కబురు పంపితే, ఆగుతానని ఆ పిల్ల తనే చెప్పించిందట. ఆ మంచి మాటకు కూడా మామయ్య సంతోషించలేకపోయాడు. ఒకరోజు కర్ర ఊతంతో పాత ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాడు, తోటివాళ్లకు చెబుదామని. తొట్టి దగ్గర ఆయన చోటులో అప్పుడే ఒక కొత్త కుర్రాడు చేరాడు. బిహారు నుంచి వచ్చాడట. మామయ్య చెప్పినదంతా విని, నవ్వి, ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడమని చేతులు చాపి చూపించాడట. "అరే భయ్యా, దేఖో, కిత్నా సాఫ్ హై!" అన్నాడట. ఇంతలో వాచ్‌మన్ వచ్చి మామయ్యను పొమ్మన్నాడు.

అక్క మాత్రం పాఠం వదల్లేదు. గిటారు తీసుకుని తనే మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. వేళ్లకు తెలియనప్పుడు ఎందుకీ బాధ అని మామయ్య విసుక్కుంటే, "వేళ్లకు తెల్వదు, చెవులకు తెలుస్తది కద. ఎక్కువ వత్తితే సప్పుడు పైకి పోతది. అప్పుడు జెర వదులు. నీ చెవులే నీకు వేళ్లు" అంది. ఆయన వేళ్లను ఆమె తన చేత్తో తీగల మీద పెట్టేది. ఆయన కళ్లప్పగించి చూస్తూ, చెవి వంచి వింటూ, నొక్కేవాడు, వదిలేవాడు. మొదట అదంతా ఆయన మనసు మళ్లించడానికేనని నేననుకున్నాను. ఒక చలికాలం గడిచేసరికి ఆయన ఇంటి పట్టు నా పట్టుకంటే శుభ్రంగా పలికింది. తనకు తెలియని చోట తెలిసిన దాని మీద ఆనుకుని నడవడం ఆయన అలా నేర్చుకున్నాడు. మెట్లు కూడా చప్పుడు విని దిగేవాడు.

ఆ మరుసటి ఎండాకాలం, ఒక ఉదయం వరండాలో కూర్చుని వాయిస్తున్న మామయ్య "అబ్బా" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, గోడవతలినుంచి అక్క పరిగెత్తుకొచ్చారు. ఆయన చూపుడువేలిని రెండో చేత్తో పట్టుకుని, "నొప్పి పుట్టింది అక్కా, నొప్పి పుట్టిందే!" అంటూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. పక్కింటి అక్క ఆ వేలిని గిల్లింది. ఆయన మళ్లీ అరిచాడు. ముగ్గురూ పిచ్చివాళ్లలా ఏడ్చారు. ఆ వారమే అమ్మ బొంతపల్లి వెళ్లి వీరభద్రుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. చేతులు చాలావరకు బాగయ్యాయి. పెళ్లి కూడా అయింది. కాలివేళ్లు మాత్రం కడదాకా ఆయనవి కాలేదు.

ఇప్పుడు నా తల నెరిసింది. తొట్లున్న చోట గోదాములు లేచాయి, ముత్తంగి దగ్గర రింగురోడ్డు మీద లారీలు పరుగెడుతుంటాయి. సాయంత్రాలు మా అపార్టుమెంటు పిల్లలకు ఆ మూడు పట్లే నేర్పుతాను. మొదటి వారం వాళ్లు ఏడుపుమొహాలతో వేళ్లు చూపిస్తే పైకి జాలి నటిస్తాను గానీ లోపల చల్లగా ఉంటుంది. నొప్పిని నేను ఎవరి దగ్గరా తీసిపారేయను. ఏం కాదులే అనే మాట నా నోట రాదు. ఎక్కడ, ఎప్పటినుంచి అని అడుగుతాను. మా అమ్మాయి దీన్ని చాదస్తమంటుంది. అననీ.

మామయ్య వేళ్లు బాగయ్యాయని సంతోషంగా చెబుతాను. ఆయన చోటులో నిలబడ్డ ఆ బిహారు కుర్రాడి వేళ్లు ఏమయ్యాయో మాకెవరికీ తెలియదు. అతని పేరు కూడా మామయ్య అడగలేదు. అతన్ని నేను కళ్లతో చూడనైనా లేదు. అయినా ఎవరైనా చేతులు చాపి, నవ్వుతూ, నాకసలు నొప్పే లేదంటే, అతనే వచ్చి నా ముందు నిలబడ్డాడనిపిస్తుంది. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకోమంటాను.